ఫ్లాట్ మొదటిసారి అమ్ముతున్నారా? నాలుగు ఆఫర్లు ఒకేసారి వస్తే ఎవరికి సరే అనాలి

హైదరాబాద్ చందానగర్‌లో మా ఫ్లాట్ అమ్మకానికి పెట్టిన మొదటి నెలంతా ఫోన్ మోగలేదు. మోగినా బ్రోకర్లే. తర్వాత ఏమైందో ఏమో, ఒకే వారంలో నలుగురు వచ్చి చూసి, నలుగురూ ధర చెప్పి వెళ్లారు: 78, 80, 76, 83 లక్షలు. ఇంట్లో అందరి చూపూ 83 మీదే, నాది కూడా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నాలుగింట్లో ముందుగా పక్కన పెట్టాల్సింది అదే.

అప్పటికి మాకు ఇల్లు కొన్న అనుభవం ఒకసారి ఉంది కానీ అమ్మిన అనుభవం లేదు. రెండూ ఒకటే అనుకున్నాం, అదే పొరపాటు. కొనేటప్పుడు మనం ఒక ఇంటిని చూసుకుంటే చాలు, అమ్మేటప్పుడు మాత్రం ఎదుటి మనిషి జేబు, వాళ్ల బ్యాంకు, వాళ్ల అన్నదమ్ములు, వాళ్ల పంచాంగం, అన్నీ మన సమస్యలే అవుతాయి.

ముందు ఏం చూడాలి

ధర ఎంత అన్నది నాలుగో ప్రశ్న. నా లెక్కలో వరుస ఇది.

మొదటిది, ఈ మనిషి రిజిస్ట్రేషన్ దాకా వస్తాడా. మాట ఇచ్చిన ప్రతివాడూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కడు. రెండోది, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, సొంతమా, లోనా, ఇంకేదో అమ్మితే వచ్చేదా. మూడోది, ఎప్పుడు వస్తుంది. అప్పుడు ధర. ఆ తర్వాత, చెప్పిన ధరలో బ్యాంకు ద్వారా వచ్చేది ఎంత, సంచీలో వచ్చేది ఎంత.

ఆలస్యమైతే ఎంత పోతుందో మీ ఇంటి లెక్క మీరు వేసుకోండి. మాది చెబుతాను. బ్యాంకుకు ఇంకా 24 లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం మీద నెలకు 17 వేలు వడ్డీ. మెయింటెనెన్స్ 3 వేలు. ఫ్లాట్ ఖాళీగా ఉంది కాబట్టి రావాల్సిన అద్దె 22 వేలు రావడం లేదు. మొత్తం నెలకు 42 వేలు. అంటే మూడు నెలలు ఆలస్యమైతే 1 లక్షా 26 వేలు పోతాయి. బాధే, కానీ రెండు లక్షలు ఎక్కువ ఇచ్చేవాడి కోసం మూడు నెలలు ఆగినా ఇంకా మనకే లాభం. అసలు దెబ్బ ఆలస్యంలో లేదు, మూడు నెలలు ఆగాక ఆ బేరం తప్పిపోయి మళ్లీ మొదటికి రావడంలో ఉంది, అప్పటికి మిగతా ముగ్గురూ వేరే ఇళ్లు కొనేసుకుని ఉంటారు.

మాకు వచ్చిన నాలుగు ఆఫర్లు ఇవీ:

| చెప్పిన ధర | డబ్బు ఎక్కడిది | గడువు | ఎక్కడ తెగొచ్చు |
|---|---|---|---|
| 80 లక్షలు | హోమ్ లోన్ | 45–60 రోజులు | బ్యాంకు లీగల్, వాల్యుయేషన్ |
| 76 లక్షలు | సొంత డబ్బు, అందులో 24 లక్షలు నగదుగా | 20 రోజులు | మన మెడకే చుట్టుకోవచ్చు |
| 78 లక్షలు | వాళ్ల ప్లాట్ అమ్మితే | 'ఆషాఢం వెళ్లాక' | ఆ ప్లాట్ అమ్ముడుపోకపోతే |
| 83 లక్షలు | చెప్పలేదు | 6 నెలలు | ఎక్కడైనా |

80 లక్షలు, లోన్ మీద కొనేవాళ్లు

హైదరాబాద్‌లో జీతం మీద బతికే కుటుంబాల్లో ఎక్కువమంది ఇలాగే కొంటారు, కాబట్టి ఈ ఆఫర్‌ను చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. 'మాకు లోన్ అప్రూవ్ అయింది' అంటారు. అది వాళ్ల జీతం చూసి ఇచ్చిన మాట మాత్రమే. మీ ఫ్లాట్ కాగితాలు బ్యాంకు లాయర్ ఇంకా చూడలేదు, బ్యాంకు మనిషి వచ్చి ఇంటిని కొలవలేదు.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: చేతిలో ఎంత ఉంది? మొహమాటం వద్దు. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే హోమ్ లోన్‌కు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదన్నది రిజర్వ్ బ్యాంక్ పెట్టిన హద్దు. 80 లక్షల ఫ్లాట్‌కు అది 64 లక్షలు. మిగతా 16 వాళ్లే పెట్టుకోవాలి. దానిపైన తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 6 లక్షలు, దానికి లోన్ రాదు. మొత్తం 22 లక్షలు చేతిలో ఉండాలి. ఇక బ్యాంకు వాల్యుయేషన్ 80 కాకుండా 72 అని వచ్చిందనుకోండి, లోన్ 57 లక్షల 60 వేలకు పడిపోతుంది, అప్పుడు వాళ్లకు కావాల్సింది 28 లక్షల 40 వేలు. 'ఒక పదిహేను ఉన్నాయండీ, మిగతాది చూసుకుంటాం' అన్నారంటే ఆ చూసుకోవడం పర్సనల్ లోనో, మావయ్య మాటో. ఆ ఆఫర్ నిజంగా 80 కాదు.

మా దగ్గరికి వచ్చిన జంట అయితే 25 ఉన్నాయని చెప్పి, అడక్కుండానే ఫోన్‌లో ఫిక్స్‌డ్ డిపాజిట్ చూపించారు. అక్కడే నాకు సగం నమ్మకం కుదిరింది.

లోన్ కొనుగోలుదారుతో ఇంకో సుఖం ఉంది, పెద్దగా ఎవరూ చెప్పరు. బ్యాంకు డబ్బు కాబట్టి ధర మొత్తం కాగితం మీదే ఉంటుంది. మనకు అప్పు మిగిలి ఉంటే వాళ్ల బ్యాంకు నేరుగా మన బ్యాంకుకు కట్టేసి ఒరిజినల్ కాగితాలు తీసుకునే పద్ధతీ ఉంది. కష్టం ఎక్కడంటే, మీ బిల్డింగ్ కాగితాల్లో. పాత గ్రామ పంచాయతీ అనుమతితో కట్టిన అపార్ట్‌మెంట్లు, ప్లాన్‌లో లేని పైఅంతస్తు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, ఉండొచ్చు అని ఇచ్చే కాగితం) లేనివి, బీఆర్‌ఎస్ దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నవి (పార్టీ కాదండీ, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్, అనుమతి తప్పి కట్టినవాటిని సక్రమం చేసే పథకం) అయితే బ్యాంకు లాయర్ దగ్గరే ఆగిపోతుంది. మీది అలాంటి బిల్డింగ్ అయితే లోన్ మీద వచ్చే 80 కంటే సొంత డబ్బుతో వచ్చే 75 ఎక్కువ.

76 లక్షలు, సొంత డబ్బు

ఈయన రిటైరైన పెద్దాయన. కొడుక్కి కొంటున్నాడు. మనిషి మంచివాడు, మాట మెత్తన, వచ్చిన ప్రతిసారీ మా పాపకు చాక్లెట్ తెచ్చేవాడు. ఇరవై రోజుల్లో ముగించేద్దాం అన్నాడు. బాగుంది అనుకునేలోపు, 'కాగితం మీద 52 రాసుకుందాం అమ్మా, మిగతాది ఎలా కావాలంటే అలా ఇస్తాను' అన్నాడు.

ఎలా కావాలంటే అలా అంటే నగదు. ఇందులో ఎవరికి ఎంత మిగులుతుందో రాత్రి కూర్చుని లెక్కేశాను. ఆయనకు 24 లక్షల మీద ఏడున్నర శాతం, 1 లక్షా 80 వేలు మిగులు. మాకు? మేం ఈ ఫ్లాట్‌ను 2014 చివర్లో 38 లక్షలకు కొన్నాం. 2024 జూలై 23కి ముందు కొన్న ఇళ్లకు, ఇక్కడ నివసించే వ్యక్తులకు రెండు లెక్కలున్నాయి, లాభం మీద నేరుగా పన్నెండున్నర శాతం, లేదా ధరల సూచీతో పాత కొనుగోలు ధరను పెంచుకుని మిగిలిన దాని మీద 20 శాతం, ఏది తక్కువైతే అది. 2014-15 సూచీ 240, 2025-26 సూచీ 376. ఆ లెక్కన మా 38 లక్షలు 59 లక్షల 53 వేలు అయ్యాయి. 76కి అమ్మితే సెస్‌తో కలిపి పన్ను సుమారు 3 లక్షల 40 వేలు. 52 అని రాస్తే పన్నే లేదు.

ఇక్కడిదాకా వింటే ఎవరికైనా నోరూరుతుంది. కానీ ఆస్తి అమ్మకంలో 20 వేలు, అంతకుమించి నగదు తీసుకోవడమే నిషేధం, తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా వేయొచ్చు. ఆ జరిమానా ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి. 3 లక్షల 40 వేలు మిగుల్చుకోవడానికి 24 లక్షలు ఒడ్డడం అన్నమాట. పైగా ఆ నగదును రేపు ఇంకో ఇంట్లో పెట్టాలంటే మళ్లీ ఇదే కథ. ఇంకో ఇల్లు కొనే ఉద్దేశమే ఉంటే, అమ్మడానికి ముందు ఏడాదిలోగానీ అమ్మాక రెండేళ్లలోగానీ కొంటే, లాభం మొత్తాన్ని అందులో పెడితే, పన్ను చట్టబద్ధంగానే పోతుంది. అప్పుడు ఈ నాటకం దేనికి?

ఆయనకు ఒక ఎదురు మాట చెప్పాను: మొత్తం బ్యాంకు ద్వారా అయితే 75కే ఇస్తాను. ఇది మీరూ అడిగి చూడండి, కొందరు ఒప్పుకుంటారు. ఆయన కొడుకుతో మాట్లాడతాను అన్నాడు, కొడుకు కుదరదన్నాడు.

78 లక్షలు, వాళ్లది అమ్మి మనది కొనేవాళ్లు

మొట్టమొదట వచ్చింది వీళ్లే, నేను కాలు జారింది కూడా ఇక్కడే. ఆదివారం వచ్చారు, తూర్పు ముఖం, వంటిల్లు ఆగ్నేయం, అన్నీ కుదిరాయన్నారు, వెళ్తూ వెళ్తూ ఫోన్‌పేలో 51 వేలు టోకెన్ కొట్టేశారు. నేను వద్దనలేదు. ఒక్క ముక్క కాగితం రాసుకోలేదు. శంకర్‌పల్లి దగ్గర ప్లాట్ ఉంది, అది అమ్మగానే ఇస్తాం అన్నది గుమ్మం దాటాక చెప్పిన మాట. అప్పటికి ఆ ప్లాట్ చూడ్డానికి ఒక్కరూ వెళ్లలేదట. ఈలోపు ఆషాఢం, ఆ తర్వాత వాళ్లావిడ జాతకం ప్రకారం ఇంకో పదిహేను రోజులు.

బుధవారం 80 లక్షల జంట వచ్చింది. టోకెన్ వెనక్కి ఇస్తానంటే, 'మేం మీ ఫ్లాట్ చూసుకుని వేరేవి వదిలేశాం, రెట్టింపు ఇవ్వండి' అన్నారు. గడువు రాయలేదు, షరతు రాయలేదు, ఏ నోటితో కాదనను? పది రోజులు ఫోన్లమీద ఫోన్లు. చివరికి 75 వేలు ఇచ్చి వదిలించుకున్నాం, ఇచ్చేటప్పుడు మాత్రం 'ఇక ఈ ఫ్లాట్ మీద మాకు ఏ హక్కూ లేదు' అని సంతకం పెట్టించుకున్నాను. 24 వేలు నష్టం, బోలెడు టెన్షన్.

ఇలాంటి కొనుగోలుదారులందరూ పనికిరారని కాదు. వాళ్ల ఆస్తికి అప్పటికే అగ్రిమెంట్ అయి, అడ్వాన్స్ చేతిలో పడి, రిజిస్ట్రేషన్ తేదీ ఖాయమైతే వీళ్లు లోన్ వాళ్లతో సమానం. ఆ అగ్రిమెంట్ జిరాక్స్ అడగండి. చూపించలేకపోతే, 'మీది కుదిరాక రండి, అప్పటికి ఉంటే మీకే' అని టీ ఇచ్చి పంపండి.

83 లక్షలు, 'పార్టీ'

వీళ్లతో మాట్లాడింది బ్రోకరే, అసలు మనిషి ఒక్కసారే వచ్చాడు, బెడ్‌రూమ్‌లోకి కూడా వెళ్లలేదు. ఉండడానికి కొనేవాడు కుళాయి తిప్పి చూస్తాడు, అల్మరా తెరుస్తాడు, పక్కింటివాళ్లు ఎవరని అడుగుతాడు. ఈయన పార్కింగ్ చూసి, భూమి వాటా ఎన్ని గజాలో అడిగి వెళ్లిపోయాడు.

2 లక్షలు అడ్వాన్స్, 6 నెలల గడువు. డ్రాఫ్ట్ అగ్రిమెంట్‌లో ఒక వాక్యం ఉంది: 'కొనుగోలుదారు పేరున గానీ, వారు సూచించిన వారి పేరున గానీ రిజిస్టర్ చేయవలెను.' మొత్తం ఆటంతా ఆ ముక్కలోనే ఉంది. 2 లక్షలతో మన ఫ్లాట్‌ను ఆరు నెలలు పట్టి ఉంచి, ఆలోపు 88కో 90కో ఇంకొకడికి అంటగట్టాలి, దొరక్కపోతే నెమ్మదిగా తప్పుకోవాలి. తప్పుకున్నా పీడ వదలదు, ఎందుకంటే కాగితం రాసుకున్నాక కాంట్రాక్టు అమలు చేయించమని కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల వ్యవధి ఉంటుంది, 2018లో చట్టం మార్చాక ఇలాంటి అమలు అడిగే కొనుగోలుదారు చేయి ఇంకా బలపడింది. ఆ కేసు గెలుస్తాడా లేదా అన్నది తర్వాత మాట, వేశాడంటే చాలు, మీ ఫ్లాట్‌ను ఇంకెవరూ ముట్టరు.

అత్యవసరం ఏమీ లేదు, ఆరు నెలలు ఆగగలను అనుకునేవాళ్లు కూడా ఆ వాక్యం కొట్టేయించి, అడ్వాన్స్ పది శాతం చేయించి, గడువు మూడు నెలలకు తగ్గించి చూడండి. ఒప్పుకుంటే నిజమైన కొనుగోలుదారే. మావాడు ఒప్పుకోలేదు, మళ్లీ ఫోన్ కూడా చేయలేదు.

మీ పరిస్థితిని బట్టి

మీకు లోన్ మిగిలి ఉంటే, నేనైతే లోన్ కొనుగోలుదారుకే ఓటు వేస్తాను. సొంత డబ్బు వాళ్లు 'ముందు మీ లోన్ క్లియర్ చేసి కాగితాలు తీసుకురండి' అంటారు, క్లియర్ చేయడానికి డబ్బు వాళ్లే ఇవ్వాలి, ఇవ్వడానికి వాళ్లకు భయం. ఒకవేళ అలాగే చేయాల్సి వస్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి: ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ను ముందే కట్టేస్తే పెనాల్టీ వేయకూడదు, అప్పు తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు మనకే కట్టాలి. ఆ 30 రోజులు అగ్రిమెంట్ గడువులో కలుపుకోండి.

ఈ డబ్బుతో ఇంకో ఇంటికి కట్టాల్సిన తేదీ దగ్గరపడుతుంటే ధర కాదు, తేదీ కొనండి. లక్ష తగ్గినా సరే.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి అమ్ముతున్నవాళ్లది పూర్తిగా వేరే లెక్క. ఇక్కడుండేవాళ్లు 50 లక్షలు, ఆపై ధరకు అమ్మితే కొనేవాళ్లు ఒక్క శాతం టీడీఎస్ (మనకిచ్చే డబ్బులోంచి ముందే మినహాయించే పన్ను) పట్టుకుని కడతారు. ఎన్‌ఆర్‌ఐ అమ్మితే అంతకు ఎన్నో రెట్లు పట్టుకోవాలి, తక్కువ పట్టుకోమని ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే లాభం మీద కాకుండా మొత్తం ధర మీదే పట్టుకునే పరిస్థితి వస్తుంది. ఆ సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగగలిగే కొనుగోలుదారే మీకు మంచి కొనుగోలుదారు, రెండు లక్షలు తక్కువ చెప్పినా.

నాన్నగారి పేరున ఉన్న ఇల్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి అమ్ముతుంటే, అందరూ ఒక్కచోట కూర్చుని కనీస ధర, గడువు తేల్చుకున్నాకే బయటివాళ్లతో మాట్లాడండి. కొనేవాడు చిన్న తమ్ముడికి విడిగా ఫోన్ చేసి ఇంకో రేటు చెప్పడం నేను కళ్లారా చూశాను.

నలుగురితో ఒకేసారి మాట్లాడడం ఎలా

టోకెన్ గొడవ అయ్యాక నేను చేసింది ఇది. మిగిలిన ముగ్గురికీ ఒకే మెసేజ్ పెట్టాను, అక్షరం తేడా లేకుండా:

'నమస్కారం అండీ. మా ఫ్లాట్‌కు ఒకటి కంటే ఎక్కువ ఆఫర్లు వచ్చాయి. అందరికీ ఒకేలా ఉండాలని అడుగుతున్నాం. శనివారం సాయంత్రంలోపు ఈ ఐదూ రాసి పంపండి: మీ చివరి ధర, అందులో లోన్ ఎంత, అగ్రిమెంట్ రోజు ఇచ్చే అడ్వాన్స్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇంకేమైనా షరతులు. ఆదివారం మా నిర్ణయం చెబుతాం. అప్పటిదాకా ఎవరి దగ్గరా టోకెన్ తీసుకోం.'

ముఖాముఖి 'మా బావగారితో ఒక మాట' అంటూ సాగదీసేవాళ్లు కూడా రాయమంటే తేలిపోతారు. ఒకళ్ల రేటు ఇంకొకళ్లకు చెప్పకండి. లేని ఆఫర్ ఉందని అసలే చెప్పకండి, ఒకే బ్రోకర్ రెండు వైపులా తిరుగుతుంటాడు, సాయంత్రానికల్లా బయటపడుతుంది. ఇంకోటి, బ్రోకర్‌కు కమిషన్ శాతంలో వస్తుంది కాబట్టి మనకు రెండు లక్షలు పెరిగితే అతనికి పెరిగేది రెండు మూడు వేలు. ఎవరితో తొందరగా అయిపోతుందో వాళ్ల వైపే మాట్లాడతాడు. తప్పుపట్టను, కానీ సలహాగా తీసుకోను.

జంట 79 రాశారు, ఒకటి తగ్గించి. కారణం కూడా రాశారు: బాత్‌రూమ్ పైకప్పులో చెమ్మ. నిజమే, ఉంది. 8 లక్షలు అడ్వాన్స్, 60 రోజులు. సరే అన్నాం. అగ్రిమెంట్‌లో మూడు సంగతులు పట్టుబట్టి రాయించాను: మా కాగితాల లోపం వల్ల లోన్ రాకపోతే అడ్వాన్స్ మొత్తం వెనక్కి, వాళ్ల ఆదాయం వల్ల రాకపోతే లక్ష మినహాయింపు, 60 రోజులు దాటితే ఇద్దరం రాసుకుంటేనే పొడిగింపు. చివరిది లేకపోతే గడువుకు అర్థం ఉండదు.

పెద్దాయనకు కాదని చెప్పడం మాత్రం కష్టమైంది. ఫోన్‌లో కాకుండా ఇంటికి వెళ్లి చెప్పాను, బేరం తప్పితే మొదట మీకే చేస్తానన్నాను, మనసులో కూడా అదే ఉంది. బ్యాంకు వాల్యుయేషన్ 76 దగ్గర ఆగినప్పుడు ఆయన నంబర్ తీసి పెట్టుకున్నాను కూడా. లోన్ 60 లక్షల 80 వేలకు తగ్గింది, జంట ఆ లోటు అమ్మాయి వాళ్ల నాన్న దగ్గర సర్దుకున్నారు.

రిజిస్ట్రేషన్ రోజు మా స్లాట్ పదకొండున్నరకు. డీడీ మీద పేరు స్పెల్లింగ్ మూడోసారి చూసుకుంటుంటే ఫోన్ మోగింది. పెద్దాయన. 'ఇంకా అవ్వలేదా అమ్మా?' అన్నాడు. లోపల మా టోకెన్ నంబర్ పిలుస్తున్నారు, ఒక్క అరగంట ఆగమన్నాను.